‘మరో లాట్ చేర్చు’ బటన్ వెనక: వరసలు పెరిగే వెబ్ ఫారాల సంగతి

గుంటూరు మిర్చి యార్డుకు ఒక రైతు తెచ్చిన సరుకంతా ఒకే రకంగా ఉండాలని లేదు. ఒకే లారీలో 40 టిక్కీలు (బస్తాలు) తేజ రకం, 25 టిక్కీలు 341 రకం, చివర ఓ పది టిక్కీలు తాలు (నాసిరకం కాయ) దిగొచ్చు. ఒక్కో లాట్‌కు (ఒకే రకం సరుకు కుప్పకు) ధర వేరు, కాటా (తూకం) వేరు. కాగితం పట్టీ (అమ్మకం చిట్టా) మీద ఇదేం ఇబ్బంది కాదు. కింద ఇంకో వరస రాసుకుంటూ పోతారు, కాగితం చాలకపోతే ఇంకోటి తీస్తారు. అదే పట్టీని వెబ్ ఫారంగా మార్చేటప్పుడు చిక్కు మొదలవుతుంది. ఎన్ని లాట్లు వస్తాయో ఫారం తయారుచేసేవాళ్లకు ముందుగా తెలియదు.

ఈ అవసరం ఒక్క యార్డుదే కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు జాబ్ కార్డు తీసుకుంటే బండి ఒకటి, మార్చిన సామాన్లు ఎన్నో. జీఎస్టీ బిల్లులో కొన్నవాళ్లు ఒకరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడు, పరిమాణం, ధరతో వరసలు ఎన్నో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక ఇళ్ల నష్టం నమోదు చేశారు. అలాంటి సర్వేలో ఇల్లు ఒకటే, పాడైన బండ్లూ వస్తువులూ ఎన్నో. అన్నిటిలోనూ పైన ఒక్కసారి నింపే భాగం ఉంటుంది, కింద ఎన్నిసార్లయినా తిరిగొచ్చే ఫీల్డుల గుంపు ఉంటుంది.

తెర మీద కొత్త వరస పుట్టించడానికి పది లైన్ల జావాస్క్రిప్టు చాలు. పని అక్కడితో అయిపోయినట్టే కనిపిస్తుంది. తప్పులు ఆ తర్వాత బయటపడతాయి. వాటిలో ఎక్కువ భాగానికి మూలం ఒకటే: వరస ఎన్నో స్థానంలో ఉందో చెప్పే సంఖ్యనే, అది ఏ లాటో చెప్పే గుర్తుగా కూడా వాడేయడం. రెండో లాట్ తీసేస్తే మూడోది రెండో స్థానానికి వస్తుంది. మారింది స్థానమే, లాట్ అదే. తెర, సర్వరు, డేటాబేసు మూడూ ఈ తేడాను ఒకేలా పాటించాలి. ఒక్కచోట తప్పినా ఒక లాట్ బరువు ఇంకో లాట్ ధరకు అతుక్కుంటుంది, ఏ ఎర్రర్ సందేశమూ రాదు.

హెచ్‌టీఎంఎల్‌లో ఇది ఎందుకు లేదు

ఇంత మామూలు అవసరానికి బ్రౌజర్‌లోనే ఒక ట్యాగ్ ఉండాల్సింది. ప్రయత్నాలు జరిగాయి కూడా. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2003 అక్టోబరులో ఆమోదించిన ఎక్స్‌ఫారమ్స్ 1.0లో ‘రిపీట్’ అనే మూలకం ఉంది. ఆ తర్వాత బ్రౌజర్ తయారీదారుల బృందం వాట్‌డబ్ల్యూజీ తయారుచేసిన వెబ్ ఫారమ్స్ 2.0 ముసాయిదాలో వరసలు చేర్చే, తీసేసే, పైకీ కిందకీ జరిపే బటన్లను జావాస్క్రిప్టు అక్కర్లేకుండా ఇచ్చారు. 2006లో వచ్చిన ఒపెరా 9 దాన్ని అమలు చేసింది. మిగతా బ్రౌజర్లు ముందుకు రాలేదు. ఆ ముసాయిదాలోని తేదీ, ఈమెయిల్ ఫీల్డుల వంటివి హెచ్‌టీఎంఎల్5లోకి చేరాయి, వరసల భాగం మాత్రం రాలిపోయింది. అందుకే ఈ రోజుకీ ప్రతి జట్టూ దీన్ని సొంతంగా కట్టుకుంటోంది, లేదా ఫ్రేమ్‌వర్కు ఇచ్చింది వాడుకుంటోంది.

సర్వేల ప్రపంచం ఈ విషయంలో అదృష్టవంతమైంది. ఓడీకే, కోబోటూల్‌బాక్స్ వంటి సర్వే సాధనాలు ఎక్స్‌ఫారమ్స్ దారిలో నడిచేవే. వాటిలో ఎక్సెల్ షీటులో ‘బిగిన్ రిపీట్’, ‘ఎండ్ రిపీట్’ అని రెండు వరసలు రాస్తే గుంపు తయారు. ఇంటింటి సర్వే మాత్రమే మీ పని అయితే కోడు రాయకుండా వీటినే తీసుకోండి. నెట్ లేనిచోటా పనిచేస్తాయి.

బ్రౌజర్ పంపేది ఒక చదును జాబితా

ఫారం పంపినప్పుడు సర్వరుకు చేరేది పేరు–విలువ జంటల వరస మాత్రమే. గుంపు, వరస, పట్టిక అనే భావనలు అందులో లేవు. ఏ విలువ ఏ లాట్‌దో చెప్పే పని అంతా ఫీల్డు ‘నేమ్’ యాట్రిబ్యూట్ మీదే పడుతుంది. దాన్ని రాసే పద్ధతులు మూడున్నాయి. వాటి మధ్య తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

మొదటిది సమాంతర జాబితాలు: బరువు[], ధర[], తాలు[]. అన్ని బరువులూ ఒక జాబితాగా, అన్ని ధరలూ ఇంకో జాబితాగా వస్తాయి. రెండో బరువుకు రెండో ధర అని సర్వరు జత కడుతుంది. చెక్‌బాక్స్ రానంతవరకూ ఇది పనిచేస్తుంది. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. ‘లేదు’ అని కూడా చెప్పదు, ఆ జంటే ఉండదు. మూడు లాట్లలో మూడోది మాత్రమే తాలు అని టిక్ పెడితే, తాలు జాబితాలో ఒకే ఒక్క విలువ, అదీ మొదటి స్థానంలో చేరుతుంది. సర్వరు దృష్టిలో ఇప్పుడు మొదటి లాట్ తేజ కాయ తాలైంది, అసలు తాలు మంచి కాయైంది. యార్డులో ఆ రెండిటి ధరలకూ పొంతనే ఉండదు. డిజేబుల్ చేసిన ఫీల్డులదీ ఇదే తీరు, అవీ వెళ్లవు. మార్చకూడదు కానీ సర్వరుకు చేరాలి అనుకున్న ఫీల్డుకు ‘రీడ్‌ఓన్లీ’ పెట్టాలి.

రెండోది ఖాళీ బ్రాకెట్టు ముందు పెట్టి లాట్స్[][బరువు], లాట్స్[][ధర] అని రాయడం. చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ భాషను బట్టి అర్థం మారిపోతుంది. సర్వరు మీద నడిచే పీహెచ్‌పీ భాష ప్రతి ఖాళీ బ్రాకెట్టుకూ ఒక కొత్త వరస తెరుస్తుంది. మూడు లాట్లు, ఒక్కోదానికి రెండు ఫీల్డులు అయితే ఆరు సగం వరసలు తయారవుతాయి. రూబీ భాషలో ఫారం డేటాను చదివే ర్యాక్ లైబ్రరీ మాత్రం అదే పేరు రెండోసారి కనిపించినప్పుడు కొత్త వరస మొదలుపెడుతుంది. అక్కడ వరసలో మొదటి ఫీల్డు చెక్‌బాక్స్ అయితే ప్రమాదం. మొదటి లాట్‌కు టిక్ లేక, రెండో లాట్‌కు ఉంటే, రెండోదాని టిక్కు మొదటి లాట్‌లో కలిసిపోతుంది.

మూడోది ప్రతి వరసకూ ఒక తాళంచెవి ఇవ్వడం: లాట్స్[837][బరువు], లాట్స్[837][ధర], లాట్స్[కొత్త1][బరువు]. ఇక్కడ 837 డేటాబేసులో ఇప్పటికే ఉన్న లాట్ ఐడీ, ‘కొత్త1’ ఇప్పుడే తెర మీద పుట్టిన లాట్‌కు ఇచ్చిన తాత్కాలిక గుర్తు. చెక్‌బాక్స్ రాకపోయినా ఆ వరసలో ఒక ఫీల్డు తగ్గుతుందే తప్ప పక్క వరస కదలదు. మధ్యలో ఒకటి తీసేసినా మిగతావాటి పేర్లు మార్చక్కర్లేదు. కొత్తగా కట్టే ఏ ఫారానికైనా ఈ పద్ధతే వాడాలి. మొదటి రెండిటినీ పాత కోడు మరమ్మతుకు మాత్రమే తెలుసుకోండి.

చెక్‌బాక్స్‌కు ‘లేదు’ అనే విలువ కూడా రావాలంటే, దానికి ముందే అదే పేరుతో 0 విలువ ఉన్న దాచిన ఫీల్డు పెడతారు. టిక్ పెడితే తర్వాత వచ్చిన విలువ నిలుస్తుంది, పెట్టకపోతే 0 మిగులుతుంది. రూబీ ఫ్రేమ్‌వర్కు రైల్స్ ఈ పని తనే చేస్తుంది. ఈ చిట్కా తాళంచెవి ఉన్న పేర్లతోనే పనిచేస్తుంది. ఖాళీ బ్రాకెట్టుతో పెడితే జాబితాలో అదనంగా ఒక విలువ చేరి ఇంకా గజిబిజి అవుతుంది.

తాత్కాలిక గుర్తుకు పేజీలో ఒక లెక్క పెట్టుకుని దాన్ని పెంచుకుంటూ పోతే చాలు. అది ఎప్పుడూ తగ్గకూడదు. ఐదో వరస తీసేశాక వచ్చే కొత్త వరసకు ఆరో అంకె ఇవ్వాలి, మళ్లీ ఐదు ఇవ్వకూడదు. బ్రౌజర్ ఇచ్చే రాండమ్ యూయూఐడీ (మళ్లీ రాని పొడవాటి గుర్తు) కూడా వాడొచ్చు, కానీ అది హెచ్‌టీటీపీఎస్ మీదా, లోకల్‌హోస్ట్ మీదా మాత్రమే దొరుకుతుంది. కొట్టులోనే ఒక కంప్యూటర్‌ను సర్వరుగా పెట్టి మామూలు హెచ్‌టీటీపీ మీద ఐపీ నంబరుతో తెరిచే చోట ఆ ఫంక్షనే ఉండదు. తయారుచేసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో పనిచేసి కొట్టులో ‘చేర్చు’ బటన్ చచ్చుబడటానికి తరచూ కారణం ఇదే.

వరసను కాపీ చేయడంలో పొరపాట్లు

చాలామంది తెర మీదున్న చివరి వరసను ‘క్లోన్‌నోడ్’తో కాపీ చేస్తారు. అలా చేస్తే టైపు చేసిన బరువు కూడా కాపీ అవుతుంది. డ్రాప్‌డౌన్‌లో ఎంచుకున్న రకం మాత్రం మొదటికి పోతుంది. అంటే కొత్త వరసలో పాత బరువు, వేరే రకం. ఐడీలు రెండుసార్లు వస్తాయి, కాబట్టి రెండో వరసలో ‘బరువు’ అనే లేబుల్ నొక్కితే కర్సరు మొదటి వరసకు పోతుంది. నగదు, ఆన్‌లైన్ అని రేడియో బటన్లు ఉంటే ఇంకా ఘోరం. ఒకే పేరున్న రేడియోలన్నీ ఒకే గుంపు కాబట్టి, కాపీ చేసిన వరస ఫారంలో చేరగానే పై వరసలో పెట్టిన ఎంపిక చెరిగిపోతుంది. ఆ వరస అప్పటికే తెర దాటి పైకి వెళ్లిపోయి ఉంటుంది, ఎవరూ చూడరు.

దీనికి సరైన దారి ‘టెంప్లేట్’ ట్యాగ్. ఖాళీ వరసను అందులో ఒక్కసారి రాసి, తాళంచెవి ఉండాల్సిన ప్రతిచోటా ఒక గుర్తు పదం పెట్టాలి. చేర్చినప్పుడల్లా దాన్ని కాపీ చేసి ఆ పదం స్థానంలో కొత్త గుర్తు పెట్టాలి. నేమ్, ఐడీ, లేబుల్‌లోని ‘ఫర్’, ఎర్రర్ సందేశానికి కట్టిన ‘ఏరియా–డిస్క్రైబ్డ్‌బై’, ఈ నాలుగూ మారాలి. చివరిదాన్నే అందరూ మరిచిపోతారు. టెంప్లేట్ లోపలున్న ఫీల్డులు ఫారంతో పాటు సర్వరుకు వెళ్లవు, కాబట్టి దాచిన ఖాళీ వరస ఒకటి పొరపాటున సేవ్ అయ్యే బెడద కూడా తప్పుతుంది. కాపీ చేసిన మూలకాలకు ఈవెంట్ లిజనర్లు (నొక్కడం వంటివి గమనించే కోడు) రావని గుర్తుంచుకోండి. ప్రతి వరసకూ విడివిడిగా కట్టే బదులు, వరసలన్నిటినీ మోసే పెట్టెకు ఒక్క లిజనర్ పెట్టి, నొక్కింది ఏ వరసలోదో అక్కడ చూసుకోవాలి.

తెరను కట్టే జావాస్క్రిప్టు లైబ్రరీ రియాక్ట్‌లో రాసేవాళ్లకు ఇదే తప్పు వేరే రూపంలో ఎదురవుతుంది. జాబితాలో ‘కీ’గా స్థానం సంఖ్య ఇస్తే, రెండో వరస తీసేసినప్పుడు రియాక్ట్ తెర మీద చివరి వరసను తీసేస్తుంది. ఫీల్డులో టైపు చేసిన విలువను బ్రౌజరే మోస్తుంటే, తీసేసిన రెండో లాట్ బరువు తెర మీద అలాగే నిలుస్తుంది, మూడోది మాయమవుతుంది. కీగా వరస సొంత గుర్తునే ఇవ్వాలి. రియాక్ట్ హుక్ ఫారంలోని ‘యూజ్‌ఫీల్డ్‌అర్రే’ ప్రతి వరసకూ ఒక ఐడీ తయారుచేసి ఇచ్చేది ఇందుకే.

ఎంటర్ నొక్కితే లాట్ మాయం

ఈ లోపం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కాటా దగ్గర కూర్చుని గబగబా టైపు చేసేవాళ్లకు తగిలే దెబ్బ ఇది. హెచ్‌టీఎంఎల్‌లో బటన్‌కు ‘టైప్’ రాయకపోతే అది సబ్‌మిట్ బటనే. ఫీల్డులో ఎంటర్ నొక్కితే ఫారంలో మొట్టమొదటి సబ్‌మిట్ బటన్‌ను నొక్కినట్టు బ్రౌజర్ భావిస్తుంది. ప్రతి వరస పక్కనా ఉండే ‘తీసేయి’ బటన్‌కు టైప్ రాయకపోతే, ఆ మొట్టమొదటి బటన్ మొదటి లాట్ ‘తీసేయి’ అవుతుంది. ఆరో లాట్ బరువు కొట్టి ఎంటర్ నొక్కితే పైన మొదటి లాట్ పోతుంది. కింద ‘మొత్తం’ తగ్గడం తప్ప వేరే ఆనవాలు ఉండదు.

కాబట్టి ‘చేర్చు’, ‘తీసేయి’ రెండిటికీ టైప్ ‘బటన్’ అని రాయాలి. ఎంటర్‌తో పక్క ఫీల్డుకు, వరస చివర కొత్త వరసకు పోయేలా అమర్చితే టైపు చేసే చేతికి ఇంకా మేలు. తీసేసిన వరసను వెంటనే చెరిపేయకుండా, ‘లాట్ 3 తీసేశాం – వెనక్కి తీసుకో’ అని కొన్ని క్షణాలు చూపడం ‘నిజంగా తీసేయాలా?’ అని ప్రతిసారీ అడగడం కంటే మంచిది. అడిగే పెట్టె రోజుకు వందసార్లు వస్తే చెయ్యి చదవకుండానే ‘సరే’ నొక్కేస్తుంది.

సంఖ్యల ఫీల్డుకు టైప్ ‘నంబర్’ పెట్టడం సహజంగా తోస్తుంది. కర్సరు ఆ ఫీల్డులో ఉండగా మౌసు చక్రం తిప్పితే కొన్ని బ్రౌజర్లలో విలువే మారిపోతుంది. పేజీ జరుపుదామని తిప్పినవాళ్లకు 42.5 కాస్తా 40.5 అయిన సంగతి తెలియదు. మామూలు టెక్స్ట్ ఫీల్డు పెట్టి ‘ఇన్‌పుట్‌మోడ్’ డెసిమల్ అని రాస్తే ఫోనులో అంకెల కీబోర్డే వస్తుంది, చక్రం బాధ ఉండదు. అప్పుడు కామాల సంగతి మీరే చూసుకోవాలి. 1,25,000 అని కొడితే జావాస్క్రిప్టులోని ‘పార్స్‌ఫ్లోట్’ మొదటి కామా దగ్గర ఆగి 1 అని ఇస్తుంది. ముందు కామాలు తీసి, మిగిలింది పూర్తిగా సంఖ్యేనా అని సరిచూసి, ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి.

సర్వరు చెప్పకుండా కత్తిరించే చోటు

పీహెచ్‌పీలో ‘మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్’ అనే పరిమితి ఉంది. డిఫాల్టు 1000. వేల కొద్దీ పేర్లు పంపి సర్వరును ఊపిరాడకుండా చేసే దాడులను ఆపడానికి 5.3.9 వెర్షన్‌లో దీన్ని తెచ్చారు. ఒక ఫారంలో 1000 దాటిన ఫీల్డులను పీహెచ్‌పీ వదిలేస్తుంది. హెచ్చరిక ఒకటి లాగ్‌లో పడుతుంది, ఫారం నింపినవాళ్లకు ‘సేవ్ అయింది’ అనే కనిపిస్తుంది.

లెక్క వేసి చూడండి. 40 లాట్లు, ఒక్కోదానికి రకం, ధర లాంటివి 5 ఫీల్డులు: 200. ఒక్కో లాట్‌లో 20 టిక్కీల బరువులు విడివిడి పెట్టెల్లో: 800. పైన తేదీ, లారీ నంబరు, కొట్టు నంబరు, భద్రతా టోకెన్: 4. మొత్తం 1004. చివరి లాట్‌లో చివరి నాలుగు టిక్కీల బరువులు పోతాయి. టిక్కీకి 42 కిలోల చొప్పున 168 కిలోలు. ధర క్వింటాకు 12,000 అనుకుంటే 20,160 రూపాయలు ఒక రైతు లెక్కలో తగ్గిపోతాయి. చిన్న పట్టీలతో పరీక్షించినంతకాలం ఇది బయటపడదు, సీజన్ జోరులో పెద్ద షీటు వచ్చిన రోజునే పడుతుంది.

పరిమితి పెంచడం ఒక దారి. అంతకంటే ముందు, ఫారం చిట్టచివర ‘ముగింపు’ అనే దాచిన ఫీల్డు ఒకటి పెట్టండి. అది రాకపోతే సర్వరు దేన్నీ సేవ్ చేయకుండా ఆపాలి. పైథాన్ ఫ్రేమ్‌వర్కు జంగోలోనూ డిఫాల్టు 1000 ఫీల్డులే, కానీ దాటితే అది మొత్తాన్నీ తిరస్కరించి 400 ఎర్రర్ ఇస్తుంది. వినడానికి కఠినంగా ఉన్నా సగం తీసుకుని ఊరుకోవడం కంటే ఇదే న్యాయం. నోడ్‌లో (సర్వరు మీది జావాస్క్రిప్టు) ఫారం డేటాను విడదీసే క్యూఎస్ లైబ్రరీని నేరుగా వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: సూచిక సంఖ్య 20 దాటితే అది జాబితాకు బదులు ఆబ్జెక్టు తయారుచేస్తుంది. పాతిక లాట్ల పట్టీ వచ్చిన రోజు జాబితా కోసం రాసిన లూపు పగులుతుంది.

జంగోలో వరసల గుంపును నడిపే ఫారమ్‌సెట్‌కు దాని పద్ధతి దానికి ఉంది. దాచిన ‘టోటల్ ఫారమ్స్’ ఫీల్డులో ఎన్ని వరసలో చెప్పాలి. పేర్లు 0 నుంచి ఎడం లేకుండా నడవాలి. మూడు వరసల్లో మధ్యదాన్ని తెర మీంచి పీకేసి టోటల్‌ను 2 చేస్తే, జంగో 0, 1 సూచికలనే చదువుతుంది. 2వ సూచికలో ఉన్న మీ చివరి లాట్‌ను అసలు చూడదు. అందుకని జంగోలో వరసను పీకకూడదు. ‘డిలీట్’ చెక్‌బాక్స్‌కు టిక్ పెట్టి, కనిపించకుండా దాచాలి. కొత్త వరసకు ‘ఎంప్టీ ఫారం’లో వచ్చే ‘ప్రిఫిక్స్’ గుర్తు పదాన్ని తర్వాతి సంఖ్యతో మార్చి, టోటల్‌ను ఒకటి పెంచాలి. టోటల్‌ను పెంచడం మరిచిపోతే కొత్త వరస నిశ్శబ్దంగా పోతుంది.

గుంపులో గుంపు వద్దు

పై లెక్కలో 800 ఫీల్డులు టిక్కీ బరువులవే. లాట్ లోపల టిక్కీలు, అంటే తిరిగొచ్చే గుంపు లోపల తిరిగొచ్చే ఇంకో గుంపు. పేర్లు లాట్స్[కొత్త1][టిక్కీలు][కొత్త7][బరువు] దాకా సాగుతాయి, టెంప్లేట్‌లో టెంప్లేట్ పెట్టాలి, ఎర్రర్లు ఎక్కడ చూపాలో తేలదు. చేయలేనిదేం కాదు. కానీ కాటా దగ్గర బరువులు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే రాసుకునే తీరు చూస్తే, ప్రతి టిక్కీకీ ‘చేర్చు’ నొక్కించడం అన్యాయం.

దానికి ఒక్క పెద్ద టెక్స్ట్ పెట్టె చాలు. 42.5 41 43.2 అని ఖాళీతోనో ఎంటర్‌తోనో కొట్టుకుంటూ పోతారు. పక్కనే అప్పటికప్పుడు ‘20 టిక్కీలు, 846.5 కిలోలు’ అని చూపాలి. 4.25 అనో 425 అనో పడితే ఆ అంకెను ఎర్రగా చూపి ఆపాలి. సర్వరు దాన్ని విడదీసి ఒక్కో టిక్కీని ఒక్కో వరసగా దాచుకుంటుంది. 800 ఫీల్డులు 40 అవుతాయి. లోపలి గుంపులో ఒకే ఒక్క విలువ ఉన్నప్పుడల్లా ఈ ఉపాయం పనికొస్తుంది. ఆటోనగర్ జాబ్ కార్డులో ఒక్కో సామానుకు నాలుగైదు వివరాలు, దాని కింద మళ్లీ లేబర్ వివరాలు ఉంటే మాత్రం ఇది చాలదు. అక్కడ లోపలి గుంపును వేరే పేజీకి తీసుకెళ్లి, ఒక్కో సామానునూ విడిగా సేవ్ చేయించడం మేలు.

డేటాబేసులోకి చేర్చడం

పట్టీకి ఒక పట్టిక, లాట్లకు ఇంకో పట్టిక, లాట్ వరసలో పట్టీ ఐడీ. ఇంతవరకు అందరికీ తెలిసిందే. పాత పట్టీని తెరిచి దిద్దినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

సులువైన దారి ఆ పట్టీ లాట్లన్నీ తుడిచేసి, ఫారంలో వచ్చినవి మళ్లీ ఎక్కించడం. దీనితో లాట్ల ఐడీలు ప్రతిసారీ మారిపోతాయి. కోల్డ్ స్టోరేజీ రసీదో, చెల్లింపో పాత ఐడీకి కట్టి ఉంటే ఆ ముడి తెగుతుంది. పైన చెప్పిన కత్తిరింపు జరిగిన రోజున మంచి డేటా కూడా దానితోపాటే తుడుచుకుపోతుంది. అందుకే ఫారంలో రాలేదు కాబట్టి తీసేశారని అనుకోకూడదు. తీసేసిన వరసకు తీసేసినట్టు స్పష్టమైన గుర్తు ఫారంలోనే రావాలి. రైల్స్‌లో ‘డిస్ట్రాయ్’ అనే దాచిన ఫీల్డు, జంగోలో ‘డిలీట్’ చేసేది ఇదే. ఐడీ ఉండి తీసేసిన గుర్తు లేనివి దిద్దాలి, గుర్తు ఉన్నవి తీసేయాలి, ఐడీ లేనివి కొత్తగా చేర్చాలి, అసలు ప్రస్తావనకు రానివాటిని ముట్టుకోకూడదు. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. ఐదో లాట్ దగ్గర తప్పు వస్తే మొదటి నాలుగూ వెనక్కి పోవాలి.

ఫారంలో వచ్చిన 837 నిజంగా ఈ పట్టీ లాటేనా అన్నది సర్వరు తప్పక చూడాలి. బ్రౌజర్‌లో ఆ అంకెను 838గా మార్చడం ఎవరికైనా చిటికెలో పని. అప్‌డేట్ వాక్యంలో లాట్ ఐడీతోపాటు పట్టీ ఐడీ కూడా షరతుగా ఉండాలి, ఆ పట్టీ ఈ కొట్టుదేనని ముందే తేల్చుకుని ఉండాలి. తెర మీద కనిపించిన మొత్తాన్ని నమ్మకుండా బరువు, ధరలతో సర్వరే మళ్లీ లెక్క కట్టాలి. డబ్బును పైసల్లో, బరువును గ్రాముల్లో పూర్ణాంకాలుగా దాస్తే దశాంశాల తేడా రాదు. రూపాయికి సరిచేయడం ఒక్కో లాట్‌కా, చివరి మొత్తానికా అన్నది కొట్టు గుమాస్తాను అడిగి ఒక్కసారి తేల్చుకోండి. తెర ఒకలా, సర్వరు ఒకలా సరిచేస్తే రూపాయి రెండు రూపాయల తేడాతో రోజూ గొడవే.

యార్డులో ఒకరు, ఆఫీసులో ఒకరు ఒకే పట్టీని తెరిచే సందర్భాలుంటాయి. పట్టీకి వెర్షన్ సంఖ్య పెట్టి, ఫారంతో పాటు దాన్నీ పంపండి. సేవ్ చేసేటప్పుడు డేటాబేసులో ఉన్నదానితో సరిపోలకపోతే ‘మధ్యలో వేరేవాళ్లు దీన్ని మార్చారు’ అని చెప్పి ఆపాలి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ‘సేవ్’ రెండుసార్లు నొక్కడం మామూలే. ఫారం తెరిచినప్పుడే ఒక విడి టోకెన్ ఇచ్చి, అది రెండోసారి వస్తే కొత్త పట్టీ చేయకుండా మొదటిదాన్నే చూపాలి.

తప్పు ఎక్కడుందో చూపడం

మొత్తం ఖాళీగా ఉన్న చివరి వరసను తప్పుగా లెక్కించకూడదు, వదిలేయాలి. సగం నింపిన వరసను ఆపాలి. రకం డ్రాప్‌డౌన్‌లో మొదటే ‘తేజ’ ఎంచి పెడితే ఖాళీ వరస కూడా సగం నిండినట్టు కనిపిస్తుంది, కాబట్టి అక్కడ ‘రకం ఎంచుకోండి’ అనే ఖాళీ విలువ ఉంచాలి. సర్వరు తప్పులు చెప్పినప్పుడు వరసలన్నీ అదే క్రమంలో, అవే తాత్కాలిక గుర్తులతో తిరిగి కనిపించాలి. ‘బరువు తప్పనిసరి’ అంటే చాలదు, ‘లాట్ 4: బరువు రాయలేదు’ అని పైన చెప్పి, నొక్కితే ఆ ఫీల్డుకే తీసుకెళ్లాలి. జత చేసిన ఫొటోలు మాత్రం తిరిగి రావు. ఫైలు ఫీల్డును ముందే నింపడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. ఫొటోలు ఉంటే ఎంచుకున్న వెంటనే విడిగా అప్‌లోడ్ చేసి, వాటి ఐడీని ఫారంలో ఉంచాలి.

కనిపించే ‘లాట్ 4’ అనే సంఖ్య స్థానమే. అది మారుతూ ఉండటమే సరి. సీఎస్‌ఎస్ కౌంటరుతో వేస్తే తీసేసినప్పుడు తనంత తానే సర్దుకుంటుంది, పేర్లు కదలవు. ప్రతి వరసనూ ‘ఫీల్డ్‌సెట్’లో పెట్టి ‘లెజెండ్’ ఇస్తే స్క్రీన్ రీడరు వాడేవాళ్లకు ఏ లాట్‌లో ఉన్నారో వినిపిస్తుంది. ఆరు ‘తీసేయి’ బటన్లు వరసగా వినిపిస్తే ఎవరికీ అర్థం కాదు, బటన్ పేరులో లాట్ సంఖ్య ఉండాలి. కొత్త వరస చేర్చగానే కర్సరు దాని మొదటి ఫీల్డుకు పోవాలి. తీసేశాక తర్వాతి వరసకు, అదీ లేకపోతే ‘చేర్చు’ బటన్‌కు పోవాలి. లేకపోతే బటన్‌తో పాటు ఫోకస్ కూడా మాయమై పేజీ మొదటికి వెళ్తుంది. ఫోనులో ఆరు కాలమ్‌ల పట్టిక ఇరుకు. ఒక్కో లాట్‌ను కార్డులా నిలువుగా పేర్చండి, ‘తీసేయి’ని ‘చేర్చు’కు దూరంగా ఉంచండి. అందరికీ వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 చెప్పే 24 పిక్సెళ్ల కనీస కొలత బొటనవేలికి చాలా తక్కువ.

అప్పగించే ముందు ఫారాన్ని ఇలా నడిపి చూడండి. ఐదు లాట్లు చేర్చి, ఐదోదానికి మాత్రమే తాలు టిక్ పెట్టండి. రెండోది తీసేయండి. ఇప్పుడు మూడోదిగా కనిపిస్తున్న లాట్‌లో బరువు ఖాళీగా వదిలి, చివరి ఫీల్డులో ఎంటర్ నొక్కండి. ఎర్రర్ సరైన లాట్ దగ్గరే రావాలి, టిక్ చివరి లాట్‌కే ఉండాలి. దిద్ది సేవ్ చేసి, మళ్లీ తెరిచి, మొదటిది తీసేసి, కొత్తది ఒకటి చేర్చి సేవ్ చేయండి. డేటాబేసులో మిగిలిన మూడు లాట్ల ఐడీలు మారకుండా ఉండాలి. ఆ తర్వాత అదే ఫారాన్ని 60 లాట్లతో నింపి, ఫోను హాట్‌స్పాట్ మీద ‘సేవ్’ రెండుసార్లు నొక్కి, ఎన్ని పట్టీలు తయారయ్యాయో, ఎన్ని లాట్లు చేరాయో డేటాబేసులోనే లెక్కపెట్టండి.